అరవై మూడో కట్టుబాటు

భాద్రపద బహుళ విదియ

పొద్దున పోటు ఎక్కువగా ఉంది. మూడో వరుసకూ నాలుగో వరుసకూ మధ్య తాళ్ళ వంతెన మోకాలి లోతు నీళ్ళలో మునిగింది. ఈ రోజు చాటింపు చిన్నదే. మంచినీటి యంత్రం జల్లెడలు కడిగే వంతు ఏడో వరుసది, ఎవరూ ఎగ్గొట్టకూడదు. రేకు వాయిస్తూ నాలుగు వందల పన్నెండు తెప్పల ముందూ అదే మాట చెప్పి వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. మైలపల్లి జోగులు తెప్ప దాటుతుంటే, ఎప్పటిలాగే వెనకనుంచి మేక గొంతుతో నా చాటింపును వల్లించాడు. ఐదేళ్ళుగా రోజూ ఇదే. వాడి నోట్లో మన్ను పడాలని తిట్టుకుంటాను. సముద్రం మీద కట్టిన ఊళ్ళో మన్ను ఎక్కడ దొరుకుతుంది? దొరికితే మాత్రం మొదటి పిడికెడు వాడికే.

మధ్యాహ్నం కచేరి తెప్ప మీద వాడి విచారణ జరిగింది. శ్రావణంలో జోగులు తన తెప్ప అడుగున గుట్టుగా వల కట్టాడు. వాడిది ప్రవాహానికి ఎదురుగా ఉండే తెప్ప. ఊరి వలలోకి రావలసిన చేపల్లో సగం వాడి దగ్గరే ఆగిపోయాయి. నెల రోజులు ఊరంతా నాచు కూర తిన్నాం. వాడి పొయ్యి మీద మాత్రం పులుసు వాసన. చివరికి ఆ వాసనే వాడిని పట్టించింది.

విచారణ చేసేది పెట్టె అనే యంత్రం. దానికి మొహాలు తెలియవు. కట్టుబాటు ఉందా, దాన్ని మూడు రోజులు చాటారా, చాటిన తరవాత తప్పు జరిగిందా, ఇవే అడుగుతుంది. ఈ రోజు దాని అద్దం మీద అక్షరాలు వచ్చాయి. "అరవై మూడో కట్టుబాటు. తెప్ప అడుగున వల కట్టినవారి మోకు కోయవలెను. చాటిన రోజులు: ఆషాఢ శుద్ధ దశమి, ఏకాదశి, ద్వాదశి. చాటిన మనిషి: గరికిన కొర్లమ్మ."

కొర్లమ్మ అంటే నేనే.

"ఈ కట్టుబాటు ఎవులిన్నారు? నానైతే ఇనలేదు," అన్నాడు జోగులు. జనం నవ్వారు. వల దొరికిపోయాక ఎవడైనా అదే అంటాడు కదా అని నేనూ నవ్వాను. పెట్టె తీర్పు చెప్పింది. అమావాస్య ఆటుకు వాడి మోకు, అంటే తెప్పను ఊరికి కట్టి ఉంచే తాడు, కొయ్యాలి. తెప్ప మీద వాడూ, వాడి పెళ్ళాం ఎర్రమ్మా, ఇద్దరు ఆడపిల్లలూ ఉంటారు. తుపానుల కాలంలో ఇంతవరకూ మోకు కోసి వదిలిన మూడు తెప్పల్లో ఒక్కటీ మళ్ళీ కనబడలేదు.

జనం చప్పట్లు కొట్టారు, నేను కూడా కొట్టాను. కొడుతూ కొడుతూ ఉండగా తట్టింది, ఆ కట్టుబాటు నేను చాటిన గుర్తే లేదని.

భాద్రపద బహుళ తదియ

నాకు అనుమానం జబ్బు అని మా వదిన అంటుంది. కావచ్చు. వండిన గిన్నె మూత తీసి రెండుసార్లు చూస్తాను. కానీ పాతికేళ్ళలో నేను చాటిన అరవై రెండు కట్టుబాట్లూ నిద్రలో లేపినా అప్పజెప్పగలను. అరవై మూడోది నా నోటికి కొత్తగా ఉంది.

ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. ఆషాఢ శుద్ధ నవమి నాడు "ఒళ్ళు నొప్పులు" అని రాసుకున్నాను. ఆ తరవాత పౌర్ణమి దాకా ఏమీ లేదు. పౌర్ణమి నాడు "జ్వరం దిగింది, జావ తాగాను" అని వంకర అక్షరాలు. అంటే ఆ మూడు రోజులూ నేను మంచం మీద ఉన్నాను. మరి చాటింది ఎవరు?

ఇప్పుడు ఒక సంగతి రాయాలి. సిగ్గుగా ఉన్నా రాయాలి. చాటింపు పూర్తయ్యాక నేను కచేరికి వెళ్ళి పెట్టె పలక మీద బొటనవేలు వెయ్యాలి. అది వేస్తేనే చాటినట్టు. కానీ వానల్లో, తడి తాళ్ళు పట్టుకుని ఊరంతా తిరిగి వచ్చాక నా వేళ్ళు నానిన శనగల్లా ముడతలు పడిపోతాయి. పెట్టె వాటిని గుర్తుపట్టదు. వేలు ఆరేదాకా గంటలు గంటలు కచేరిలో కూర్చోవాలి. అందుకని వానాకాలంలో ముందే, వేలు పొడిగా ఉండగా, రేపటి తిథికీ ఎల్లుండి తిథికీ కలిపి వేసేస్తాను. ఆ తరవాత చాటుతాను. ఒక్కోసారి గాలివాన పెరిగి చాటింపు ఆగిపోతుంది. అప్పుడు వేలు మిగిలిపోతుంది. అది ఏమవుతుందని నేను ఎప్పుడూ అడగలేదు. అనుమానం జబ్బున్న మనిషిని, నా వేలి దగ్గర మాత్రం ఎందుకు అనుమానించలేదో.

జ్వరం రాకముందు దశమికీ, ఏకాదశికీ, ద్వాదశికీ వేలు వేసి వచ్చాను. మోకుల తనిఖీ గురించి చాటాలని. చాటనే లేదు.

భాద్రపద బహుళ పంచమి

రెండు రోజులుగా చాటింపు మధ్యలో ఆగి, మాటల్లో మాటగా అడుగుతున్నాను. ఆషాఢంలో నేను వల గురించి చాటినప్పుడు విన్నారా అని.

ఎండు నెత్తళ్ళు ఏరుకుంటున్న పైడితల్లి తల కూడా ఎత్తలేదు. "ఇన్నాను గదా కొర్లమ్మా. వానలో ముద్దముద్దగా తడిసిపోతా సాటినావు. పాపం, ఈ మనిసికి ఎంత కష్టం అనుకున్నాను."

పడవ సందుల్లో తారు పూసే గవరయ్య ఇంకా తెలివైనవాడు. "ఇన్నానో లేదో నాకు గురుతు లేదు. ఇన్నాననే రాసుకో. ఆ జోగులుగాడు పోతే మనకి నాలుగు సేపలు దొరుకుతాయి."

పదిహేను మందిని అడిగాను. పద్నాలుగు మంది విన్నామన్నారు. ఒక ఆమె "ఎందుకడుగుతన్నావు?" అని తలుపు వేసుకుంది. ఆ ఒక్క తలుపే నాకు కాస్త ధైర్యం ఇచ్చింది.

కానీ ఇంటికి వచ్చాక నా మీద నాకే అనుమానం వచ్చింది. పద్నాలుగు మంది ఒకే మాట మీద ఉంటే తప్పు నాదేనేమో. జ్వరంలో మనిషి ఎక్కడెక్కడో తిరుగుతుందంటారు. రేకు పట్టుకుని నేనే వెళ్ళానేమో. నా ఒళ్ళు నాకు తెలియకుండా ఊరంతా తిరిగి వచ్చిందా?

భాద్రపద బహుళ సప్తమి

నేను మా అన్నయ్య తవిటయ్య తెప్ప మీదే ఉంటాను. జ్వరంలో నాకు తడిగుడ్డ వేసింది, గంజి పట్టింది మా వదిన సూరీడమ్మ. అడిగితే ఆమెనే అడగాలి. ఆమె నాచు దులుపుతోంది.

"వదినా, జొరంలో ఉన్నప్పుడు నాను మంచం దిగినానా?"

"దిగినావు."

"ఎక్కడికి ఎల్లినాను?"

"సాటడానికి ఎల్లినావు. ఒద్దంటే ఇన్నావా? మూడ్రోజులూ ఎల్లినావు."

నాచు ఎప్పుడో శుభ్రమైపోయింది. అయినా దులుపుతూనే ఉంది. అన్నయ్య లేచి బయటికి వెళ్ళి తాడు ముడి సరిచూడటం మొదలుపెట్టాడు. ఆ ముడి పొద్దునే సరిచూశాడు. మా ఇంట్లో కూడా నాకు తెలియనిది ఏదో ఉందని అప్పుడు అర్థమైంది.

అక్కడినుంచి కచేరికి వెళ్ళాను. పెట్టెను చూసుకునే గుమస్తా దానయ్య చాలా శ్రద్ధ గల మనిషి. పెన్సిలు ముక్కలు కూడా పొడుగు ప్రకారం సర్దుకుంటాడు.

"దానయ్యా, నాను వేలేసి సాటని రోజులు ఉంటాయి గదా. అవేటి సేస్తావు?"

"ఏదీ పారెయ్యలేదు కొర్లమ్మా," అన్నాడు గర్వంగా. "తేదీలతో సద్దిపెట్టినాను. ఇంకా పన్నెండున్నాయి. ఎప్పుడు ఏ అవసరం ఒస్తాదో."

"అరవై మూడు ఎవులు రాయించినారు?"

"మన ఊరి పెద్ద, సరంగమ్మే సెప్పింది. నాను ఎక్కించినాను."

"ఎప్పుడు?"

పెన్సిలు కింద పెట్టాడు. "ఎప్పుడు ఎక్కించినావని పెట్టె కూడా అడగదు. ఎప్పుడు సాటినారనే అడుగుతాది. నువ్వెందుకడుగుతన్నావు?"

ఒక కట్టుబాటుకు మూడు వేళ్ళు కావాలి. పన్నెండు వేళ్ళంటే నాలుగు కట్టుబాట్లు. నా వేలి కింద ఖాళీగా, పాత తేదీలతో సిద్ధంగా ఉన్నాయి. వాటిలో ఎవరి పేరు కోసం ఏది రాస్తారో? దారంతా ఎదురైన ప్రతి మొహాన్నీ చూసి లెక్క వేశాను. గవరయ్య వాననీళ్ళ పీపా దాచుకున్నాడని నాకు తెలుసు. దానికి ఇంకా కట్టుబాటు లేదు. నాకు తెలిసింది దానయ్యకు తెలియదా?

భాద్రపద బహుళ నవమి

మిగిలింది జోగులు ఒక్కడే. వెళ్ళడానికి రెండు రోజులు పట్టింది. వాడి గుమ్మం ముందు నేను నిలబడటం ఇదే మొదటిసారి.

ఎర్రమ్మ నీళ్ళ డబ్బాలు తెప్పకు కడుతోంది. ఒక్కో డబ్బాకీ రెండేసి ముళ్ళు వేస్తోంది. పెద్ద పిల్ల పట్టుకుని ఇస్తోంది. చిన్నదానికి ఆట. జోగులు నన్ను చూసి పళ్ళు బయటపెట్టాడు.

"ఏటప్పా, మోకు ఎక్కడ కొయ్యాలో సూసుకోడానికి ఒచ్చినావా?"

"ఆషాఢంలో దశమి నుంచి ద్వాదశి దాకా నాను సాటినానా?"

"అడగడానికి ఇంకెవులూ దొరకలేదా?"

"అందర్నీ అడిగినాను. సాటినావన్నారు."

వాడు కాసేపు నవ్వాడు. తరవాత నవ్వు ఆపి మామూలుగా మాట్లాడాడు. వాడు మామూలుగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

"నీ ఎనకాల రోజూ అరిసేది నానే గదా. పొద్దున్నే నీ రేకు ఇనబడకపోతే నాకు పని మీద మనసు కుదరదు. ఆ మూడ్రోజులూ రేకు లేదు. నాలుగో రోజు కూడా లేదు. ముసిల్ది గుటుక్కుమందేటని ఎర్రమ్మని పంపినాను."

"అవునొదినా," అంది ఎర్రమ్మ ముడి బిగిస్తూ. "మీ సూరీడమ్మే సెప్పింది. ఒళ్ళు కాలిపోతంది, గంజి కూడా దిగట్లేదు, మంచం మీంచి కదిలే ఓపిక లేదు అనీసి."

"ఇదంతా ఇచారణలో ఎందుకు సెప్పలేదు?"

"ఇనలేదని సెప్పినాను గదా. అందరూ నవ్వినారు," అన్నాడు జోగులు. "నువ్వూ నవ్వినావు."

ఊళ్ళో నా గొంతును రోజూ శ్రద్ధగా వినే మనిషి వీడొక్కడే. వెక్కిరించడానికైనా సరే, విన్నాడు. నన్ను చూసి జాలిపడ్డ పద్నాలుగు మంది అబద్ధమాడారు. వాడి మీద నా అసహ్యం ఏమీ తగ్గలేదు. ఆ పులుసు వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. కానీ వాడు చెప్పింది నిజం. ఎర్రమ్మ మళ్ళీ డబ్బాల దగ్గరికి వెళ్ళిపోయింది. నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

భాద్రపద బహుళ దశమి

సరంగు అంటే ఊరికి పెద్ద. మా సరంగు మాణిక్యమ్మ గారు. తొమ్మిదేళ్ళ కిందటి తుపానులో నడిమి మోకు తెగిపోతుంటే, కొత్తది ముడి పడేదాకా పదకొండు మందితో కలిసి చేతులతో పట్టుకుని నిలబడింది. ఆవిడ అరచేతుల్లో ఈ రోజుకీ గీతలు లేవు. ఆవిడ లేకపోతే ఈ ఊరూ లేదు, ఈ చిట్టా రాసే నేనూ లేను. అందుకే అడగడానికి కష్టమైంది.

అల్లం కషాయం పోసి ఇచ్చింది. "గొంతు ఎలాగుంది?"

"అరవై మూడు నాను సాటలేదమ్మా."

కాదంటుందనుకున్నాను. "సాటలేదు. జొరంలో ఉన్నావు," అంది తేలిగ్గా. నాకు భయమేసింది.

"మరి?"

"మరేటి? వల కట్టడం తప్పా, కాదా? నువ్వే సెప్పు."

"తప్పే."

"శ్రావణానికి ముందే మనకి తోచుంటే ఆ కట్టుబాటు పెట్టకపోదుమా?"

"పెడుదుం."

"తోచలేదు. ఆ ఎదవకి ముందు తోచింది. మనకి ఆలీసంగా తోచిన పాపానికి ఊరు పస్తులుండాలా?"

"కొత్తగా సాటి, ఇకమీదట కట్టకూడదని—"

"విప్పుతాడు. రేపు ఇంకోటి కనిపెడతాడు. కట్టుబాటులో లేని తప్పులే ఏరుకుని సేస్తాడు వాడు. అలాటోడికి మన కట్టుబాట్లు సాలవు కొర్లమ్మా."

ఆవిడ మాట్లాడుతుంటే ప్రతి మాటా సబబుగానే తోస్తుంది. అదే ఆవిడలో గొప్ప. కషాయం సగం తాగేసరికి నేనూ తల ఊపుతున్నాను. అప్పుడు అడిగాను.

"మిగతా పన్నెండూ ఎవులికమ్మా?"

గిన్నె నోటి దాకా వెళ్ళి ఆగింది. "ఎవులికీ కాదు. అవసరానికి."

"ఎవులి అవసరానికి?"

"ఊరి అవసరానికి. నా మీద నమ్మకం లేదా నీకు?"

"ఉందమ్మా," అన్నాను. నిజమే చెప్పాను. నమ్మకం ఉంది. కానీ ఆవిడకు డెబ్బై ఏళ్ళు. ఆవిడ తరవాత ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో నాకు తెలియదు. వాళ్ళు ఎవరైనా, ఆ పన్నెండూ ఎక్కడున్నాయో దానయ్య చూపిస్తాడు.

గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. "నాలుగో కట్టుబాటు గురుతుంది గదా. నువ్వు నోరు తెరిస్తే మొదట పడీది నీ మీదే. బెదిరించట్లేదు. ముందే సెప్పకపోతే తప్పని సెప్తన్నాను."

భాద్రపద బహుళ ద్వాదశి

నాలుగో కట్టుబాటు ఇది. చాటకుండా వేలు వేశానని చాటింపు మనిషి ఊరి ముందు ఒప్పుకుంటే, ఆ వేలి కింద రాసినదేదీ చెల్లదు. ఆ మనిషి ఉండే తెప్ప బయటి వరుసకు మారాలి. చాటింపు పని కూడా పోతుంది, కొత్త మనిషి కుదిరిన రోజున.

బయటి వరుస అంటే అలకు మొదట తగిలే వరుస. కిందటి తుపానులో అక్కడి ఇరవై తెప్పలు పోయాయి. ఆ తెప్ప మీద నేనొక్కదాన్నే లేను. అన్నయ్యా వదినా ఉన్నారు. ఆ తెప్ప కూడా వాళ్ళదే.

ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. అన్నయ్య తాడు కొస చేతిలోకి తీసుకుని ముడి వేస్తూ విన్నాడు. వదిన కళ్ళు చెమర్చాయి గానీ గొంతు తగ్గలేదు.

"నాను అబద్ధమాడినాను. నీకోసమే ఆడినాను. దానయ్య ఒచ్చి సెప్పినాడు, నువ్వు సాటలేదని తెలిస్తే మనం బయటి వరుసకి పోతామని. ఆ మేకగొంతు ఎదవ కోసం మమ్మల్ని అలల్లోకి తోస్తావా?"

"వాడి కోసం కాదొదినా."

"మరెవులి కోసం?"

"వాడి మోకు అమాసకి కోస్తారు. పిల్లలిద్దరూ దాని మీదే ఉంటారు. అది నా వేలుతో కోసినట్టే గదా. ఆ తరవాత ఇంకా పన్నెండున్నాయి. నువ్వు నాచు ఎక్కడ ఎండబెట్టుకుంటన్నావో, అన్నయ్య ఏ తాడు వాడతన్నాడో, రేపు అది తప్పైపోద్ది. ఆషాఢంలోనే సాటినామంటారు. పద్నాలుగు మంది ఇన్నామంటారు. అప్పుడు నువ్వు ఇనలేదంటే నవ్వుతారు."

వదిన లేచి వెళ్ళిపోయింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం నా కంచంలో కూర మాత్రం ఎప్పటికన్నా ఎక్కువ వేసింది. ఒప్పుకున్నట్టా, చివరి కూడు పెట్టినట్టా, నాకు తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది. అలల భయం నాకు లేదని ఎవరైనా అంటే అది అబద్ధం.

భాద్రపద బహుళ త్రయోదశి

చాటాను.

మొదటి వరుస మొదటి తెప్ప దగ్గర రేకు వాయించాను. "గరికిన కొర్లమ్మ చాటింపు. ఆషాఢంలో నేను జ్వరంతో మంచం మీద ఉన్నాను. అరవై మూడో కట్టుబాటు నేను చాటలేదు. చాటకుండానే వేలు వేశాను. నా వేళ్ళు ఇంకా పన్నెండు పెట్టెలో ఖాళీగా ఉన్నాయి. వాటి కింద ఎవరు ఏది రాసినా, ఆ పాత తేదీలనుంచే చెల్లుతుంది. అవి అన్నీ చెల్లవని ఒప్పుకుంటున్నాను."

పైడితల్లి నెత్తళ్ళ బుట్ట నా కాళ్ళ ముందు కుమ్మరించింది. "నువ్వు మాకు తిండి లేకుండా సేస్తన్నావు," అంది. ఎవరో నీళ్ళు చల్లారు. నేను వరుస తరవాత వరుస చదువుకుంటూ వెళ్ళాను. జోగులు తెప్ప దగ్గర ఈసారి ఏ గొంతూ రాలేదు. పిల్లలను పక్కకు పెట్టుకుని నిలబడి విన్నాడు.

ఐదో వరుస దగ్గర గవరయ్య దారికి అడ్డం వచ్చాడు. తిడతాడనుకున్నాను. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"పన్నెండు అన్నావు గదా. వాననీళ్ళ పీపాల మీద ఏదైనా రాసినారా?"

"ఇంకా లేదు."

అతని మొహం మారిపోయింది. ఆ ప్రశ్న నా వెనకే పాకింది. ఎవరి తెప్పలో ఏముందో వాళ్ళకు తెలుసు కదా. ఎనిమిదో వరుసకు వచ్చేసరికి నన్ను తిట్టడం మానేసి, తలుపుల దగ్గర చేరి సరంగమ్మ పేరు గొణుగుతున్నారు. పొద్దున ఆవిడ పేరు మీద ఒట్టేసినవాళ్ళే వాళ్ళంతా. అదీ నాకు నచ్చలేదు.

భాద్రపద అమావాస్య

పెట్టె రెండే వాక్యాలు చూపించింది. అరవై మూడో కట్టుబాటు చెల్లదు, జోగులు మోకు కోయరాదు. గరికిన కొర్లమ్మ ఉండే తెప్ప ఈ రోజే బయటి వరుసకు మారవలెను.

జోగులు అక్కడే తన వల విప్పి దానయ్య ముందు పడేసి వెళ్ళిపోయాడు. నాకు దండం పెట్టలేదు. పెడతాడని నేనూ అనుకోలేదు.

మా తెప్పను లాగడానికి ఎవరూ రాలేదు. అన్నయ్యా నేనూ తాడు లాగాం, వదిన గడ వేసింది. బయటి వరుసలో కట్టుకున్నాక మొదటి అలకే పొయ్యి మీద గిన్నె కిందపడింది. వదిన దాన్ని కడిగి మళ్ళీ పెట్టింది.

ఆశ్వయుజ శుద్ధ చవితి

నిన్న వరుస పెద్దలందరూ చేతులెత్తి మాణిక్యమ్మ గారిని సరంగు పదవినుంచి దింపారు. దానికి పదహారో కట్టుబాటు ఉంది. ఆవిడ తాళం చెవులు ఇచ్చేసి తన తెప్పకు వెళ్ళిపోయింది.

ఈ రోజు పొద్దున నలభై మంది మా తెప్ప ముందుకు వచ్చారు. కొత్త మనిషి కుదిరేదాకా చాటింపు నాదే. దానయ్య చేతిలో రెండు కట్టుబాట్లు ఉన్నాయి. అరవై మూడు: తెప్ప అడుగున వల కట్టరాదు. అరవై నాలుగు: చాటని మాటను చాటినట్టు పెట్టెకు ఎక్కించమని చెప్పినవారి మోకు కోయవలెను. మొదటిదానికి తేదీ ఈ నెలది. రెండోదానికి ఆషాఢ శుద్ధ దశమి.

"ఇదేటి తేదీ?" అన్నాను.

"ఆవిడ సేసింది అప్పుడే గదా. ఆ తేదీకే వేలెయ్యి," అన్నాడు గవరయ్య. "మొన్న పాతికేళ్ళ కట్టుబాట్లు తిరగేసినాం. సాటింపు మనిసి మీద ఉంది గాని సరంగు మీద ఏదీ లేదు. ఇలాగైతే ఆవిడికి ఏ శిచ్చా పడదు."

అది నిజం. ఊరు కట్టినవాళ్ళు నా వేలిని అనుమానించారు గానీ, సరంగు చేతిని అనుమానించలేదు. నేను బయటి వరుసలో ఉన్నాను. ఆవిడ నడిమి వరుసలో, కదలని తెప్ప మీద పడుకుంటుంది. రాత్రి మా వదినకు నిద్ర లేదు, అల కొట్టినప్పుడల్లా లేచి కూర్చుంటోంది. ఆవిడ మోకు కోస్తారంటే నా లోపల ఎక్కడో తియ్యగా ఉంది. దాచడం ఎందుకు.

అందరికన్నా గట్టిగా అరుస్తున్నది జోగులు. "కొయ్యాల్సిందే. నా పిల్లల్ని సముద్రంలోకి తోసేద్దామనుకుంది."

"నువ్వియాల ఇక్కడ నిలబడి అరుస్తన్నావంటే, ఎందుకు అరవగలుగుతన్నావురా?" అన్నాను. "తప్పు సేసినాక పెట్టిన కట్టుబాటు నీ మీద సెల్లదన్నారు గనక. నీకు సెల్లనిది ఆవిడికెలా సెల్లుద్ది?"

"నాను వేరు, ఆవిడ వేరు."

"ఆవిడ కూడా నీ గురించి అదే అంది."

వాడు నోరు మూశాడు. మిగతావాళ్ళు మూయలేదు. పిరికిదాన్నన్నారు, ఆవిడ తొత్తునన్నారు. నేను పెన్సిలు అడిగి ఆ తేదీ కొట్టేశాను. ఆశ్వయుజ శుద్ధ షష్ఠి నుంచి అని రాసి వరుస పెద్దలకు ఇచ్చాను. ఇలాగైతేనే చాటుతాను, లేకపోతే కొత్త మనిషిని తెచ్చుకోండి అన్నాను. మధ్యాహ్నం దాకా తగువులాడుకుని, సగం మంది తిట్టుకుంటూ ఒప్పుకున్నారు.

ఆశ్వయుజ శుద్ధ షష్ఠి

ఇది మూడో రోజు. రెండు కట్టుబాట్లూ చాటుకుంటూ నడిమి వరుసకు వచ్చాను. మొదటి రెండు రోజులూ మాణిక్యమ్మ గారి తలుపు మూసే ఉంది. ఈ రోజు తెరిచి ఉంది. గుమ్మంలో నిలబడింది. పది రోజుల్లోనే మనిషి చిక్కిపోయింది.

ఎదురు తెప్పల వాళ్ళు బయటికి వచ్చి చూస్తున్నారు. నేను రేకు వాయించి మొదటిది చదివాను, తరవాత రెండోది చదివాను. మోకు కోయవలెను అన్నప్పుడు ఆవిడ చెయ్యి తలుపు చెక్కను పట్టుకుంది.

"ఎప్పట్నించి అన్నావు? సరిగ్గా ఇనబడలేదు," అంది.

"ఆశ్వయుజ శుద్ధ షష్ఠి నుంచి."

"అంటే ఈ రోజు నుంచా?"

"ఈ రోజు నుంచే అమ్మా. ముందుది లెక్కలోకి రాదు."

ఎదురు తెప్ప మీద ఎవరో "సిగ్గు లేదు" అన్నారు. అది ఆవిడనో నన్నో తెలియలేదు. ఆవిడ అక్కడే గుమ్మంలో కూర్చుని, ఊరంతా చూస్తుండగానే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నాకు ఆవిడ మీద కోపం పోలేదు. పక్క తెప్ప ముందుకు వెళ్ళి, రేకు వాయించి, మళ్ళీ మొదటినుంచి చదివాను.